పన్నుకు బహువచనం

మా పెద్దసారు పోయారు. పోయిన నెల ఒక సోమవారం పొద్దున, వికారాబాద్ బండి దిగి వచ్చిన డ్రిల్లు సారు మా తాండూరు బడిలో అడుగు పెడుతూనే ఆ మాట చెప్పాడు. "పెద్దసారు నిన్న ఆస్పత్రిల పోయిండంట. మెడ వాసిందంట, మూడు దినాలు నీళ్ళు గూడ మింగలేదంట." కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు పంతుళ్ళు ఏ పెద్దసారని అడిగారు. డ్రిల్లు సారు ఎట్లా చెప్పాలా అని ఒక నిమిషం తటపటాయించి, "గదే, పన్నుల సారు" అన్నాడు. వాళ్ళకు వెంటనే తెలిసిపోయింది. వాళ్ళిద్దరూ ఆయన ముఖం ఎన్నడూ చూసినవాళ్ళు కారు. అయినా ఇద్దరికీ నవ్వు వచ్చింది. చావు కబురు కాబట్టి ఆపుకున్నారు.

ఆ పేరు పెట్టింది నేను కాదు. ఆ పేరు వెనక కథను ఊరూరా తిప్పింది మాత్రం నేనే. పెళ్ళి పందిళ్ళలో, రైలు పెట్టెల్లో, పరీక్ష పేపర్లు దిద్దడానికి నలుగురం కూడిన చోట, ఎక్కడ అడిగితే అక్కడ చెప్పాను. చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ చెప్పేవాణ్ణి. నాకు మంచి మాటకారినన్న పేరు వచ్చింది. ఇవాళ ఆ కథే మీకు చెప్పబోతున్నాను, కానీ ఇంతకుముందు ఎప్పుడూ చెప్పని ముక్కలతో కలిపి.

ఆయన మా బడిలో లెక్కల పంతులు. చదువంతా ఉర్దూలో సాగింది. ఇంట్లో మాట తెలుగు, చేతిలో రాత ఉర్దూ. నైజాం కాలంలో మా వైపు చదువుకున్న వాళ్ళు చాలామంది అంతే. నలభై ఎనిమిదిలో సర్కారు మారాక, మెల్లమెల్లగా బడులు తెలుగులోకి మళ్ళాయి. లెక్కలకు భాష ఎందుకని ఆయన కొన్నేళ్ళు నెట్టుకొచ్చారు. ఉర్దూ తరగతులు పలచబడ్డాక ఇక నెట్టుకు రావడం కుదరలేదు. యాభయ్యో ఏట, తల సగం నెరిసిన మనిషి, తెలుగు అక్షరాలు దిద్దవలసి వచ్చింది. దిద్దించే పని నాకు పడింది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. తెలుగు పంతులుగా తాండూరులో దిగిన కొత్త. ఊళ్ళో గది దొరక్క రెండు నెలలు ఆయన ఇంట్లోనే ఉన్నాను. ఆయన భార్య నాకు తన చేతి జొన్నరొట్టె పెట్టి, "కొడుకా" అని పిలిచేది. నేను ఆమెను అమ్మా అనేవాణ్ణి. ఈ సంగతి కూడా నా కథలో ఎన్నడూ చెప్పలేదు.

ఇక ఆయన పన్ను గురించి. కింది దవడ ఎడమ వైపు చివరిది. అది కూడా నలభై ఎనిమిదిలోనే మొదలైందట. ఊళ్ళకు ఊళ్ళు తలుపులు బిగించుకుని కూర్చున్న రోజులవి. "పానం ఉంటదో పోతదో తెల్వని కాలంల పన్ను నొస్తుందని ఎవరికి చెప్పాలె తమ్మీ? నాకే సిగ్గనిపించింది" అనేవారు. నేను వచ్చేనాటికి ఎనిమిదేళ్ళుగా అది ఆయన్ను వదల్లేదు. "సర్కార్ మారింది, సిక్క రూపాయి మారింది. నా పన్ను ఒక్కటే మారలే" అని తనమీద తనే నవ్వుకునేవారు.

బడిలో ఆయన కుర్చీ పక్కన నీళ్ళ కుండ ఉండేది. ఆ కుండ కింద అరచేతంత నున్నటి నాపరాయి ముక్క. మా తాండూరులో ఎక్కడ చూసినా బండల గనులే కదా. బండలు కోసేవాళ్ళలో ఎవరి పిల్లలకో ఎక్కాలు నేర్పినందుకు వాళ్ళు చెక్కి ఇచ్చారట. నొప్పి లేచినప్పుడు చల్లటి ఆ ముక్క తీసి చెంపకు ఆనించుకుని, పిల్లలతో పంతొమ్మిదో ఎక్కం గట్టిగా చెప్పించేవారు. పిల్లల అరుపులో ఆయన మూలుగు వినపడేది కాదు. పంతొమ్మిదో ఎక్కం తప్పు లేకుండా చెప్పే పిల్లలు తాలూకా మొత్తంలో మా బడిలోనే ఉండేవారంటే దానికి కారణం ఆ పన్నే.

ఆయనకు తెలియని మందు లేదు. లవంగం, ఉప్పు నీళ్ళు, వేప పుల్ల, తంబాకు, అన్నీ అయ్యాయి. ఒకసారి బషీరాబాద్ దగ్గర పంటి పురుగు తీసే గొర్లకాపరి ఉన్నాడంటే నన్ను వెంటబెట్టుకుని పోయారు. అతను సగం కన్నడంలో ఏదో గొణుగుతూ వాకుడు గింజలు నిప్పుల మీద చల్లి, గొట్టంతో ఆ పొగ నోట్లోకి పట్టించాడు. కింద నీళ్ళ పళ్ళెంలో తెల్లగా ఏవో పడ్డాయి. అవే పురుగులన్నాడు. తిరుగు బండిలో మా సారు వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క పెట్టుకున్నారు. ఆఖరుకు, "నాలుగు పురుగులు పడ్డయి తమ్మీ. నొచ్చేది ఒక్కటే పన్ను. ఒక్క పంట్ల నాలుగు ఎట్ల వట్టినయో నాకు లెక్క కుదుర్తలేదు" అన్నారు. నవ్వాను. ఆయన కూడా నవ్వబోయి చెంప పట్టుకున్నారు.

పంటి నొప్పి మనిషిని ఒంటరిని చేస్తుందని ఆయన వల్లే నాకు తెలిసింది. "జరమొస్తే మంది ఇంటికొచ్చి మంచం పక్కన కూసుంటరు. పన్ను నొస్తే చేతుల లవంగం పెట్టి వాళ్ళ తొవ్వన వాళ్ళు పోతరు" అనేవారు. ఒకసారి నేను, నొప్పి లేని రోజు ఒక్కటి దొరికితే ఏం చేస్తారని అడిగాను. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డారు. "గదే సమజైతలేదు. గంత ఖాళీ దినం దొరికితే పరేషాన్ అయితనేమో."

మరి డాక్టరుకు ఎందుకు చూపించుకోలేదని మీరు అడుగుతారు. తాండూరులో పళ్ళ డాక్టరు లేడు. సంతలో కూర్చుని పళ్ళు పీకేవాడు ఒకడు ఉండేవాడు. వాడి దగ్గరికి పోయిన మా సారు పక్కింటాయనకు రెండు రోజులు నెత్తురు ఆగలేదు. పట్నం పోవాలంటే సెలవు కావాలి. పంటి నొప్పికని సెలవు చీటీ రాస్తే పైవాళ్ళు నవ్వుతారని ఆయన భయం. అట్లా ఉండగా కొత్తగా కట్టిన సర్కారు కచేరీ వరసలో ఒక గది తీసుకుని, వారానికోసారి పట్నం నుంచి పళ్ళ డాక్టరు వస్తాడని ఊళ్ళో పుకారు లేచింది. ఆయన ముఖంలో ఆశ కనపడింది. రోజూ అటు ఒకసారి నడిచి వచ్చేవారు.

అదే సమయంలో మా పాఠాలు సాగుతున్నాయి. బడి విడిచాక గంటసేపు ఆయన పిల్లల బెంచీ మీద కూర్చునేవారు. నేను కుర్చీలో. ఆ గంటసేపు ఆయన నన్ను "పంతులుగారూ" అనేవారు, "మీరు" అనేవారు. గంట కాగానే పలక పక్కన పెట్టి, "తమ్మీ, నడు, చాయ తాగి వద్దాం" అనేవారు. గురువుకు ఇచ్చే మర్యాద అట్లా ఇచ్చి, అన్నగా తన చనువు మళ్ళీ తీసుకునేవారు.

నేను ఆ మర్యాదకు తగినవాణ్ణి కాను. చదువు తలకెక్కి ఉంది. ఆయన "పోతున్న" అని రాస్తే కొట్టేసి "పోవుచున్నాను" అని రాయించేవాణ్ణి. "గిట్ల" అని రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ణి. "ఇంట్ల మాటకు, కితాబు మాటకు గింత ఫరక్ ఎందుకు పంతులుగారూ?" అని ఒకరోజు అడిగారు. "ఇంటి మాటను మరిచిపోండి సార్. పుస్తకంలో ఉన్నదే తెలుగు" అన్నాను. ఆ రోజు నుంచి తనకు పుట్టుకతో వచ్చిన మాటల్ని కూడా ఆయన అనుమానించడం మొదలుపెట్టారు.

ఒకనాడు బహువచనాలు రాయమన్నాను. మీకు తోచిన మాటలకు "లు" చేర్చి రాయండి సార్ అన్నాను. మేక, మేకలు. బండ, బండలు. బల్ల, బల్లలు. ఆ వరసలో ఐదోదో ఆరోదో, పన్ను, పన్నులు. నేను గబగబా అన్నిటికీ రైటు కొట్టుకుంటూ పోయాను. నాకు తట్టింది ఇంటి పన్ను, నీటి పన్ను. ఆయన రాసింది నోట్లో పన్ను. మా వైపు అప్పటికి ఆ కట్టే పన్నును ఎవరూ పన్ను అనలేదు. మహసూల్ అనేవారు, టాక్స్ అనేవారు. పన్ను అంటే నోట్లో ఉండేదే. ఇంట్లో అందరిలాగే పండ్లు అనే మనిషి, పుస్తకం మాట వేరే ఉంటుందేమోనని నా మాట నమ్మి పన్నులు అని రాసుకున్నారు. ఒక చేయి దవడ మీద పెట్టుకునే రాశారు. నేను కాగితం చూశాను, మనిషిని చూడలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బజారులో బోర్డులు చదివించడానికి తీసుకువెళ్ళాను. పాత ఉర్దూ బోర్డులు తీసేసి తెలుగువి కడుతున్న కాలం. సున్నం, సిరా వాసన ఇంకా పోలేదు. ఆయన కూడబలుక్కుంటూ ఒక్కొక్కటే చదువుతున్నారు. కిరాణా దుకాణం. బట్టల దుకాణం. కొత్త కచేరీ వరస దగ్గరికి వచ్చాక ఒక కిటికీ పైన చూసి ఆగిపోయారు. "ప... న్ను... ల... వి... భా... గ... ము." ఇంకోసారి చదివారు. తరువాత నా భుజం పట్టుకుని, "తమ్మీ! పండ్ల డాక్టర్ వచ్చిండు!" అన్నారు. పాఠం మధ్యలో ఆయన నన్ను తమ్మీ అనడం అదే మొదటిసారి.

 అప్పుడు కిటికీ ముందు ఏడెనిమిది మంది వరసలో ఉన్నారు. ఆయన పోయి ఆ వరస చివర నిలబడ్డారు. ఒక్క మాట చాలు, వెనక్కి పిలవొచ్చు. ఆ ఏడెనిమిది మంది ఒక్కొక్కరే జరుగుతున్నంతసేపూ నాకు టైము ఉంది. ఈ ముక్కే నేను ఇన్నేళ్ళూ దాచింది. నాకు అర్థం కాక ఊరుకోలేదు. ఏం జరుగుతుందో చూద్దామని ఊరుకున్నాను.

ఆయన వంతు వచ్చింది. దవడకు కట్టుకున్న రుమాలు విప్పి, కిటికీ చువ్వల ముందు వంగి, లోపలున్న గుమాస్తాకు నోరు తెరిచి చూపించారు. గుమాస్తా బదిలీ మీద కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. బిత్తరపోయి చూశాడు. "ఏమిటండీ మాస్టారూ ఇది?" అన్నాడు. ఆయన నోరు మూయకుండానే వేలితో లోపలికి చూపించి, ఎడమ వైపు అని సైగ చేశారు. గుమాస్తాకు అప్పుడు అర్థమైంది. "అయ్యో మాస్టారూ, ఇక్కడ కట్టేది ఇంటి పన్నండీ, నోటి పన్ను కాదు!"

మొదట నవ్వింది నేను. నా తరువాతే వరస అంతా నవ్వింది, బజారు నవ్వింది. ఆ వరసలో మా బడి పిల్లల తండ్రులు నలుగురున్నారు. గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. నవ్వు ఆగాక కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించబోయాడు. మా సారు కూర్చోలేదు. నవ్వు ఎటు నుంచి మొదలైందో ఆ వైపు తిరిగి నన్ను చూశారు. నోరు ఇంకా తెరిచే ఉంది. తరువాత మూసుకుని, రుమాలు కట్టుకుని, ఇంటిదారి పట్టారు.

మరునాడు బడి విడిచాక ఎప్పటిలాగే బెంచీ మీద కూర్చున్నారు. రాతపుస్తకం తీసి, ఆ పేజీ నా ముందు పెట్టారు. "గీ పన్నులు అన్న దానికి మీరు రైటు కొట్టిన్రు పంతులుగారూ. జర చూడున్రి." చూశాను. అది వేరే పన్ను సార్ అన్నాను. "మరి నోట్ల దానికి కితాబుల ఏమంటరు?" పండ్లు సార్, అదే రాయండి అన్నాను. ఆయన పన్నులు కొట్టేసి, పండ్లు అని రాసుకున్నారు. "గది నాకు ముందుగాలే ఎర్క ఉండె" అన్నారు. కోపంగా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

గంట అయ్యాక చాయకు పిలుస్తారని కూర్చున్నాను. "మీరు పోయి రాండ్రి పంతులుగారూ" అన్నారు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ నన్ను తమ్మీ అని పిలవలేదు. ఎక్కడ కనపడినా మీరు, పంతులుగారూ. చూసేవాళ్ళకు అది గౌరవం. నాకు తెలుసు అదేమిటో.

ఇంకో రెండేళ్ళకు నిజంగానే పళ్ళ డాక్టరు వచ్చాడు. పోదాం రండి సార్ అని నేనే పోయి అడిగాను. "ఒకపారి చూపెట్టిన. సాలు" అన్నారు. అంతే. పంటి మాట ఇక ఎవరి దగ్గరా ఎత్తలేదు. నీళ్ళ కుండ కింద రాయి కూడా కనపడకుండా పోయింది. ఇంట్లో భార్యకు కూడా నొప్పి తగ్గిపోయిందనే చెప్పారట. ఉద్యోగం అయిపోయాక వికారాబాద్‌లో సొంతింటికి వెళ్ళిపోయారు. ఒకసారి అక్కడి స్టేషన్లో ఎదురుపడితే, నొప్పి ఎట్లా ఉంది సార్ అని అడిగాను. "ఏం నొప్పి పంతులుగారూ?" అన్నారు. ఎడమ చెంప లోపలికి పీక్కుపోయి ఉంది. ఆ రోజు తాండూరు బండిలో కూర్చుని కూడా, ఎదుటివాళ్ళు అడిగితే, ఆ కథ చెప్పాను. నన్ను నేను తిట్టుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చావుకు నేను పోలేదు. కర్మలకూ పోలేదు. అక్కడ నలుగురూ కూడిన చోట ఎవరో ఒకరు ఆ కథ ఎత్తి, నన్నే చెప్పమంటారని భయం. అన్నీ అయిపోయాక, ఒక ఆదివారం పగలు వికారాబాద్ వెళ్ళాను. అమ్మ, అదే మా సారు భార్య, నన్ను చూసి ఏడ్చింది. కాసేపటికి తనే చెప్పసాగింది.

"మంచిగనే ఉండె కొడుకా. నాలుగు దినాలు జరం అన్నడు. దవడ కింద గడ్డ లేచింది, మెడ దాక వాసింది. నోరు తెర్వరాకపాయె, మాట రాకపాయె. ఆస్పత్రికి తీస్కపోయేసరికి ఆలిస్యమైందన్నరు. ఎట్ల మొదలైందని అడిగితే నేనేం చెప్తా? మెడల గడ్డ లేచిందని చెప్పిన."

పన్ను సంగతి చెప్పావా అమ్మా అని అడిగాను.

"గది ఎన్నడో పోయింది గద కొడుకా! పదేండ్ల సంది దాని ఊసే లేకపాయె."

తరువాత లోపలికి పోయి పెట్టెలో నుంచి ఒక కాగితం తెచ్చింది. పోయే ముందటి రోజు ఆయన సైగ చేసి పెన్సిలు అడిగి రాశారట. రాసి ఆమె చేతిలో పెట్టారట. "నాకేం చదువొచ్చు? పక్క మంచం ఆయన బిడ్డ కాలేజీల చదువుతది, గామెకు చూపెట్టిన. 'పండ్లు అని రాసిండు పెద్దమ్మా, తినబుద్ధి అయితున్నట్టుంది' అన్నది. ఉరికిపోయి డజను అరటిపండ్లు తెచ్చి ముంగట పెట్టిన. గట్లనే చూసిండు, చూసి కండ్లు మూసుకున్నడు. ఒక్కటి గూడ ముట్టలే."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఒక్కటే మాట, కింద రెండు గీతలు. కొమ్ము ఎంత వంచాలో, లవత్తు ఎక్కడ పెట్టాలో, అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. ఎక్కడా తప్పు లేదు. పదేళ్ళ మౌనం తరువాత ఆ మనిషి ఇంకొకసారి తన నొప్పి ఎక్కడుందో చూపించబోయారు. ఉర్దూలో రాసి ఉంటే ఆ వార్డులో ఏ ముసలాయనైనా దాంత్ అని చదివేవాడు. డాక్టరుకు ఆ సంగతి తెలిస్తే ఆయన బతికేవారో లేదో నాకు తెలియదు. చెప్పింది ఒకరికి అర్థమైందని తెలుసుకునైనా పోయేవారు.

అమ్మా, అవి తినే పండ్లు కావు అని చెప్పబోయాను. చెప్పలేదు. ఆయన ఆఖరి కోరిక తనకు తెలిసిందని, తీర్చడానికి తను పరుగెత్తానని ఆమె అనుకుంటోంది. అది కూడా ఆమె నుంచి నేను లాక్కోలేకపోయాను. ఇది ధైర్యమో పిరికితనమో మీరే తేల్చుకోండి. వికారాబాద్‌లో ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, దయచేసి ఆమెకు మాత్రం చదివి వినిపించకండి.

నేను కాగితం తిరిగి ఇచ్చేశాను. ఆమె దాన్ని మడిచి కొంగున కట్టుకుని, మూలనున్న బుట్టలో నుంచి ఒక అరటిపండు తెచ్చింది. "రోజు తెప్పిస్తున్న, ఎవరొచ్చినా ఒకటి పెడుతున్న. ఆయన తినలే, నువ్వన్న తినాలె" అంది. నేను ఒలుచుకుని తింటుంటే ఎదురుగా కూర్చుని, అయిపోయే దాకా నా నోటివైపే చూసింది. అయిపోయాక ఇంకొకటి తీసి చేతిలో పెట్టింది. అది కూడా తిన్నాను.